జొన్న అనే కుక్కతో కర్నూలు నుంచి వేంపల్లెకు

కుక్కను వెంటబెట్టుకుని మన వైపు రోడ్ల మీద రెండు వందల కిలోమీటర్లు పోవచ్చా అని అడిగేవాళ్లకు ముందే చెప్తున్నాను, పోవచ్చు. నేను పోయివచ్చాను. అయితే ఎందుకు పోయానో చెప్పకపోతే ఇందులో సగం సంగతులు అర్థం కావు. నాకు పన్నెండో ఏట నుంచి షుగరు. పెద్దవాళ్లకు వచ్చే రకం కాదు, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ సూది వేసుకుంటే తప్ప బతకని రకం. నా భయం షుగరు పెరగడం గురించి కాదు, ఉన్నట్టుండి పడిపోవడం గురించి. అప్పుడు చెమటలు పడతాయి, మాట తడబడుతుంది, ఎదుటివాళ్ల మీద ఊరికే కోపం వస్తుంది, ఆ తర్వాత స్పృహ పోతుంది. చాలామందికి ముందుగా వణుకు వచ్చి తెలుస్తుంది. ఇన్నేళ్లకు నాకు ఆ హెచ్చరిక కూడా పోయింది. రెండేళ్ల కిందట కర్నూలు బస్టాండులో పడిపోయాను. ఆ రోజు నుంచి మా అన్న నన్ను ఒంటరిగా వీధి చివరి దాకా కూడా పంపడు.

ఆ నెలలోనే మా అన్న కిరాణా అంగడి ముందు, మూటల సందులో ఒక ఆడ కుక్కపిల్ల దొరికింది. కాల్చిన జొన్నరొట్టె రంగు, అక్కడక్కడ మాడిన మచ్చలు. అందుకే జొన్న అని పేరు పెట్టాను. దానికి ఆరు నెలలున్నప్పుడు ఒక తెల్లవారుజామున నా చెయ్యి నాకి నాకి లేపింది. లేచి చూసుకుంటే షుగరు నలభై ఐదుకు దిగింది. వారం తిరక్కుండా మళ్లీ అదే పని చేసింది. నెట్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలు పోసి చదివితే తెలిసింది, విదేశాల్లో ఇందుకోసమే కుక్కలకు శిక్షణ ఇస్తారని, షుగరు పడిపోతే ఒంటి వాసన మారుతుందని, కుక్క దాన్ని పసిగడుతుందని. అప్పటి నుంచి షుగరు పడిపోయినప్పుడల్లా దూదితో చెమట అద్ది, చిన్న స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచేదాన్ని. మా వదిన ఆ డబ్బాను చూసినప్పుడల్లా పెట్టే ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. జొన్న ఆ వాసన పట్టిన ప్రతిసారీ ఒక రొట్టె ముక్క. ఏడాది పైనే పట్టింది. ఇప్పుడు దానికి రెండు పనులు వచ్చు. షుగరు పడిపోతుంటే ముందుకాలితో నా మోకాలు గీరుతుంది. నేను కదలకపోతే గ్లూకోజు, బెల్లం ఉన్న నీలం సంచి నోట కరచి తెస్తుంది. ఇంకొకటి నేను నేర్పకుండానే వచ్చింది. మామూలుగా ఏది పెట్టినా ఊడ్చేసే తిండిపోతు అది. నా ఒంటి వాసన మారిందంటే మాత్రం, నేను కోలుకునేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు.

ఈ జూన్‌లో వేంపల్లెలోని ఒక జూనియర్ కాలేజీలో నాకు బాటనీ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. శుక్రవారం సాయంత్రం నాలుగున్నరలోపు పోయి సంతకం పెట్టాలి. అన్న ససేమిరా అన్నాడు. "కుక్కతోక పట్టుకొని గోదారి ఈదుతానంటాండావు పాపా" అన్నాడు. "మనకు గోదారి యాడుండాది? తుంగభద్రలో ఎండాకాలం మోకాలి లోతు కూడా ఉండదు" అన్నాను. నవ్వలేదు. చివరికి ఒక షరతు మీద దిగివచ్చాడు. "ఒక్కసారి ఒంటరిగా పోయిరా. దారిలో ఏమీ కాకుండా పోయొస్తే నీ ఇష్టం. పడిపోయినావంటే మాత్రం ఇంక ఉద్యోగం మాట ఎత్తగూడదు." సరే అన్నాను. ముప్పై ఏళ్లు వచ్చాక కూడా పరీక్ష రాసినట్టు ప్రయాణం చేయాల్సి రావడం నాకు మంటగానే ఉంది. కానీ అన్న భయం కూడా ఉత్తది కాదు, బస్టాండు నుంచి నన్ను ఆసుపత్రికి ఎత్తుకుపోయింది ఆయనే.

మొదట బస్సులోనే పోదామనుకున్నాను. ముందురోజు పోయి అడిగితే ఒక కండక్టరు "కోళ్లను చూసినా గానీ, కుక్కకు టికెట్టు నేనెప్పుడూ కొట్టలేదమ్మా" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఇక ఇండికా కారు మాట్లాడుకున్నాను. కిలోమీటరుకు ఐదున్నర, డ్రైవరు బత్తా నూరు, మొత్తం మీద పోనూ రానూ రెండున్నర వేలు దాటింది. డ్రైవరు ఖాదర్ బాషా, యాభై దాటిన మనిషి. ఉదయం ఆరూముక్కాలుకు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో వచ్చి, జొన్నను చూసి, తలుపు మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు.

"మేడమ్, నేను అయిదు పూటలా నమాజు చేసుకునేవాణ్ణి. దాని ఎంగిలి తగిల్తే కడుక్కోవాల, చొక్కా మార్చుకోవాల. నా పక్కకు రానీయకుంటే చాలు. దాని మీద నాకేం కోపం లేదు" అన్నాడు. వెనక సీటు మీద గోనెపట్టా తనే పరిచాడు. "అయినా దీన్నెందుకు తీసకపోతాండారు?" అని అడిగాడు. "తోడు" అన్నాను. అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. షుగరు సంగతి చెప్తే బండి తిప్పుకుని పోతాడేమో, లేదంటే అన్న మాదిరి దారంతా అద్దంలో నన్నే చూస్తూ నడుపుతాడేమో అనిపించింది. అన్న ముందు అంత బడాయి పోయి, ఇంటి గేటు దగ్గరే ఇంకొకరి సాయం అడగడానికి నోరు రాలేదు.

సూది ఇంట్లోనే వేసుకున్నాను కాబట్టి త్వరగా తినాలి. నంద్యాల రోడ్డులో ఇరవై కిలోమీటర్లు పోతే ఓర్వకల్లు. ఏడుంబావుకు ఒక తడికెల హోటలు ముందు ఆపాం. ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు కలిపి పది రూపాయలు. నానబెట్టిన బొరుగులకు పోపు పెట్టి, పుట్నాల పొడి చల్లి చేసే ఈ ఉగ్గాని తినకుండా మా జిల్లా దాటిపోయేవాళ్లను చూస్తే నాకు జాలి. హోటలామె బజ్జీ ముక్క విసిరితే జొన్న నేలకు తగలనివ్వలేదు. ఇంకొకటి వేసినా అంతే. "ఇది కుక్కనా, బకాసురుని చెల్లెలా?" అందామె. "ఏం పెట్టినా వద్దనదు" అన్నాను నేను. దూరంగా నిలబడి టీ తాగుతున్న ఖాదర్ భాయ్ కూడా నవ్వాడు. ఆ మాట ఆయనకు గుర్తుండిపోయింది, దాని సంగతి తర్వాత.

ఊరి పక్కన రాళ్ల గుట్టల్లో గంటసేపు తిరిగాం. పెద్ద పెద్ద బండలు, ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చి దింపడం మరిచిపోయినట్టు ఉంటాయి. కుక్కతో పోయేవాళ్లు ఎనిమిదిన్నరలోపే నడక ముగించండి, ఆ తర్వాత రాయి కాలుతుంది, దానికి చెప్పులుండవు. పదింటికి నంద్యాలలో చక్కెర లేని టీ తాగాను. రోజూ ఆ వేళకు రెండు బిస్కెట్లు తినడం నా అలవాటు. ఉగ్గాని తేలిక తిండి, పైగా గంట నడిచాను, ఆ రెండు బిస్కెట్లు తినాల్సిందే. అయినా పన్నెండున్నరకు మైదుకూరులో భోజనమే కదా అని బద్ధకించాను. పొద్దున డ్రైవరుకు చెప్పకపోవడం మొదటి తప్పయితే, ఇది రెండోది.

ఆళ్లగడ్డ దాటాక ఎడమవైపు నల్లమల కొండలు నీలంగా దూరం దూరంగా వెంట వస్తాయి. వానలు ఇంకా పడలేదు, దున్నిన చేలన్నీ ఎదురుచూస్తూ పడి ఉన్నాయి. చాగలమర్రి దాటిన కాసేపటికి వెనక టైరు పంచరైంది. పన్నెండు కావస్తోంది. ఖాదర్ భాయ్ బండిని వేపచెట్టు పక్కకు చేర్చి జాకీ తీశాడు. నేను దిగి చెట్టుకింద ఒక రాయి మీద కూర్చున్నాను. నీలం సంచి కారులోనే ఉంది. జొన్న వచ్చి నా మోకాలు గీరింది. ఊరుకోమని తోశాను. మళ్లీ గీరింది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది, దాని మీద, టైరు మీద, అన్న మీద. చెమట ఎండకే పడుతోందనుకున్నాను. నాకు గుర్తున్నది అంతవరకే, మిగతాది ఖాదర్ భాయ్ చెప్తే తెలిసింది.

జొన్న తిన్నగా ఆయన దగ్గరికే పోయింది. పొద్దుటి నుంచి ఆయన ఛాయలకు కూడా పోనిది, చొక్కా చెయ్యి నోట పట్టుకుని లాగింది. ఆయన విదిలించుకుని, దానికి ఆకలేమో అనుకున్నాడు. మన వైపు అందరం అంతే, మూగజీవం దగ్గరికొచ్చిందంటే ఆకలికే వచ్చిందనుకుంటాం. బండిలోని బిస్కెట్ ప్యాకెట్ విప్పి రెండు వేశాడు. జొన్న వాసన కూడా చూడలేదు. కారులో దూరి నీలం సంచి తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. నా వైపు ఉరికింది, మళ్లీ వెనక్కి వచ్చి మొరిగింది. "పొద్దున బజ్జీని నేలకు పడనీయని కుక్క, బిస్కెట్టును తొక్కుకుంటా పోయింది. అప్పుడు అనుమానమొచ్చింది నాకు" అన్నాడు. సంచి తెరిస్తే సూదులు, గ్లూకోజు పొడి, బెల్లం. నన్ను పిలిస్తే ఏదో గొణిగానట, బట్టలు చెమటకు తడిసిపోయాయట. ఆయన తల్లికీ ఇదే జబ్బు, అందుకే చూడగానే అర్థమైంది. నీళ్లలో గ్లూకోజు కలిపి, నన్ను ఆనించి కూర్చోబెట్టి, గుక్క గుక్కకూ మింగానో లేదో చూస్తూ తాగించాడు. జొన్న నా ముఖం, ఆయన చేతులు కలిపి నాకింది. ఆయన దాన్ని నెట్టలేదు.

పావుగంటకు మనిషినయ్యాను. నాకు తెలివి వచ్చాక మొదట చూసింది, జొన్న మెల్లగా పోయి మట్టిలో పడ్డ ఆ రెండు బిస్కెట్లనూ తినడం. అది తిన్నదంటే గండం గడిచినట్టే. బెల్లంముక్క నోట్లో వేసుకుని తల దించుకున్నాను.

"చెప్పాల్సింది కదమ్మా" అన్నాడు ఖాదర్ భాయ్. పొద్దుటి నుంచి మేడమ్ అన్న మనిషి.

"తప్పైపోయింది భాయ్."

"కుక్కకు చెప్పినారు, నాకు చెప్పలేదు."

ఆయన కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది. రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. ఆయన చొక్కా చేతికి మరక, తడి చూసి "మీ చొక్కా..." అన్నాను. "ఉతికితే పోతాది. డిక్కీలో ఇంకోటుండాది" అన్నాడు. పక్క చేలో బోరు దగ్గరికి పోయి చేతులు, ముఖం, ఆ చొక్కా బాగా కడుక్కుని, వేరేది తొడుక్కుని వచ్చి, చెట్టు అవతల తువ్వాలు పరిచి నమాజు చేసుకున్నాడు. అంతసేపూ నేను జొన్న మెడపట్టీ వదల్లేదు. తర్వాత తడిచొక్కాను వెనక కిటికీకి ఆరేసుకుని బయలుదేరాం.

మైదుకూరులో ఒంటిగంటన్నరకు భోజనం. రాగిసంగటి, పప్పు, చెనక్కాయల పచ్చడి, ముప్పై రూపాయలు. ఖాదర్ భాయ్ ఎదురుగా కూర్చుని "ఇంకొంచెం తినమ్మా" అంటూనే ఉన్నాడు. ఎవరైనా నన్నలా కనిపెట్టుకుని ఉంటే మామూలుగా నాకు ఒళ్లు మండుతుంది, ఆ రోజు మాత్రం మారు పెట్టించుకున్నాను. అక్కడి నుంచి ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల మీదుగా పోవాలి. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల లారీల దుమ్ముకు అద్దాలు ఎత్తుకోక తప్పదు. నాలుగు కొట్టేలోపే వేంపల్లె చేరాం.

ప్రిన్సిపాల్ గారు నెమ్మదైన మనిషి. కాగితాలు చూసి, నా కాళ్ల దగ్గర కూర్చున్న జొన్నను చూసి "ఇదేందమ్మా, కుక్కను పిల్చుకొచ్చినారు?" అన్నారు. తోడు సార్ అనే మాట నోటి దాకా వచ్చింది. తలుపు బయట ఖాదర్ భాయ్ నిలబడి ఉన్నాడు. మింగేసి, ఉన్నదంతా చెప్పాను, మధ్యాహ్నం జరిగింది కూడా. ఆయన పెన్ను కింద పెట్టేశారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"క్లాసులో అట్ల అయితే?"

"ఇది ముందే చెప్తుంది సార్. ఇది చెప్పినా నేను వినకపోతే, ఆ సంచి ఎందుకో పిల్లలకు తెలిసి ఉండాలి."

"కరుస్తాదా?"

"కరవదు సార్. మీ టిఫిన్ డబ్బా మాత్రం జాగ్రత్త."

ఆయన కొంచెం నవ్వి, పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. "మొదటి రోజే మీ క్లాసు పిల్లోళ్లకు, అటెండరుకు చెప్పండి. స్టాఫ్ రూములో ఆ మూలకు దానికి పట్టా ఏసుకోండి. మూడు నెలలు చూద్దాం" అని కాగితం నా వైపు జరిపారు. సంతకం పెట్టాను.

బయటికొచ్చి అన్నకు ఫోన్ చేశాను. "చేరినావా? పడిపోలేదు కదా?" అన్నాడు. పడిపోలేదంటే సరిపోయేది, చెప్పేవాళ్లెవరూ లేరు. "చాగలమర్రి దగ్గర పడిపోబోయినా అన్నా" అని మొదలుపెట్టి అంతా చెప్పాను. "నీ షరతు ప్రకారం నేను ఓడిపోయినట్టే. కానీ సంతకం పెట్టేసినా" అన్నాను. అవతల అంగట్లో తక్కెడ పళ్లెం కింద పెట్టిన చప్పుడైంది. "ఆ డ్రైవరుకు ఫోనియ్యి" అన్నాడు. ఇచ్చాను. ఖాదర్ భాయ్ మాటలు మాత్రమే నాకు వినిపించాయి. "లేదు సార్, బాగుండాది... తిన్నాది, బాగా తిన్నాది... ఏంది సార్, కుక్కనా? కుక్క కూడా తిన్నాది." ఫోన్ మళ్లీ నా చేతికి వచ్చింది. "ఆదివారం గది చూసేదానికి నేనూ వస్తా. ఆ నీలం సంచి మాదిరివి ఇంకా రెండు కుట్టిస్తా పాపా. అంగట్లో ఒకటి ఉండనీ, మీ వదిన కాడ ఒకటి ఉండనీ. ఇన్నేండ్లూ మాకే తెలీదు అది యాడుంటాదో" అన్నాడు.

మనుషుల అవసరం లేకుండా తిరగాలనే నేను జొన్నను పెంచాను, ఆ మాట దాచుకోను. అదేమో నేను దాని మాట విననప్పుడు తిన్నగా పోయి ఒక మనిషినే పట్టుకుంది, అదీ తనను తాకొద్దన్న మనిషిని. దానికి తెలిసినంత కూడా నాకు తెలియలేదని ఒప్పుకోవడానికి తిరుగు ప్రయాణం మొత్తం పట్టింది. ఇప్పుడు వేంపల్లెలో మా గదిలో ఈ నాలుగు ముక్కలు రాస్తుంటే, అది మా ఇంటి ఓనరమ్మ పెట్టిన సంగటి ముద్దను గిన్నెతో సహా గది చుట్టూ తోసుకుంటూ తింటోంది. అంటే నా షుగరు బాగానే ఉన్నట్టు.

ఇలాంటి జబ్బుతో, ఇలాంటి తోడుతో బయలుదేరేవాళ్లకు ఒక్క సలహా. బండి కదలకముందే, డ్రైవరుకో పక్క సీటు మనిషికో మీ జబ్బు పేరు చెప్పి, సంచి ఎక్కడుందో చూపించండి. ఒక్క నిమిషం కూడా పట్టదు. కుక్క ఎంత తెలివైనదైనా సంచి తేగలదు గానీ, దాని ముడి విప్పలేదు.