గుండెలో మన్ను

లౌటోకాలో బస్సెక్కిన ముసలావిడ నా పక్కన కూర్చుని ఒళ్ళో గోనెసంచి విప్పింది. నిండా అనాస పిలకలు. నలభై ఏళ్ళు సాగుచేసిన పొలానికి లీజు ముగిసిందట. రాకిరాకిలో కూతురి దగ్గరికి వెళుతోంది.

"పండు మీది తల నాటినా మొలుస్తుంది కదా, ఆజీ?" అన్నాను.

"తల పెడితే చాలా లేటు, బేటీ. పిలకకి జల్దీ కాయ వస్తది. నాకు టైమ్ కమ్తీ."

"పొలం మీద బెంగగా లేదా?"

ఆవిడ ఒక్కో పిలకా తీసి, ఆకుల నడుమ ఇరుక్కున్న మట్టిని తలమీది ముసుగు కొసతో తుడుస్తోంది.

"గుండెలో మన్ను ఉండకూడదు. కుళ్ళిపోతది."

దిగేటప్పుడు ఒక పిలక నా చేతిలో పెట్టింది. సువాలో మా పెరట్లో నాటాను. వానకు మట్టి చిందినప్పుడల్లా వంగి ఆకుల నడుమ దాని గుండె తుడుస్తాను. చాలా ఏళ్ళ వరకు, ఆవిడ మొక్క సంగతే చెప్పిందనుకున్నాను.