దండ వేయని ఫోటో

నా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే మా నాయనకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. వారమంతా ఆఫీసులో తల వంచుకుని పనిచేసే మనిషి, ఆ ఒక్క రోజు మెడలో కెమెరా వేసుకుని తల ఎత్తుకుని నడిచేవాడు. తిరుపతిలో ఫోటోల పిచ్చి పట్టినవాళ్లు కొందరు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. డ్రాయింగ్ మాస్టారు దానికి పెద్ద. మా అమ్మ మాత్రం దాన్ని పనిలేనివాళ్ల సంఘం అనేది. నాయన నన్ను వెంటబెట్టుకుని పోయేవాడు కాబట్టి ఆ సంఘంలో నేనూ ఉన్నట్టే అనుకునేదాన్ని.

వాళ్లు కూడేది ఒక పాత సత్రం మేడమీద గదిలో. సత్రం కాపలా చూసే పెద్దాయన మాకు తలుపు తీసేవాడు. ఫోటోలు కడిగే తొట్లలో నీళ్లు నింపి, తడి ఫోటోలను తీగకు తగిలించి, కింద నుంచి కాఫీ తెచ్చిపెట్టేవాడు. నడుముకు ఎప్పుడూ తాళాలగుత్తి ఉండేది కనుక నేను తాళాల తాత అనేదాన్ని. పెద్దవాళ్లు ఏమప్పా అని పిలిచేవారు. ఆయన పేరు అప్పట్లో నాకు తెలియదు. వాళ్లలో ఎంతమందికి తెలుసో కూడా చెప్పలేను.

గోడకు తగిలించిన ఫోటోలను వాళ్లు ఒక్కొక్కటిగా చీల్చి చెండాడేవారు. డ్రాయింగ్ మాస్టారి దగ్గర ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో కత్తిరించిన రెండు నల్ల అట్టముక్కలు ఉండేవి. వాటిని ఫోటో మీద ఎదురెదురుగా పెట్టి, ముందుకూ వెనక్కూ జరిపి, ఇంతవరకు ఉంచి మిగతాది కోసెయ్యమనేవారు. కంటిని పక్కకు లాగేది ఏదైనా పనికిరానిదే అని ఆయన లెక్క. అలా కోసిన ఫోటోకే మా నాయనకు బహుమతి వచ్చింది. గంగజాతరలో బైరాగి వేషం కట్టిన పిల్లవాడు, ఒళ్లంతా తెల్లసుద్ద పూసుకుని, కళ్లు ఉరిమి చూస్తుంటాడు. అది మా నడవలో గోడకు వేలాడేది. ఇంటికి వచ్చినవాళ్లు అడిగినా అడక్కపోయినా నాయన దాన్ని చూపించి కాని మంచినీళ్లు ఇచ్చేవాడు కాదు.

ఒక ఆదివారం మేము పోయేసరికి గది తలుపు తీసి లేదు. తాళాల తాత జ్వరంతో చనిపోయాడని సత్రం గుమాస్తా చెప్పి తాళం చేతిలో పెట్టాడు. అందరూ కాసేపు అయ్యో అనుకున్నారు. ఆ రోజు కాఫీ లేకుండానే ఫోటోల మాటల్లో పడబోతుంటే ఆయన భార్య మెట్లెక్కి వచ్చింది. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది.

"సామీ, దినాలు దగ్గరికొచ్చినాయి. ఇంట్లో ఆయనది ఒక్క పొటో గూడా లేదు. నా కూతురు కడుపుతో ఉండాది. పుట్టే బిడ్డకు తాత మొగం ఎట్ట సూపించేది? మీరు ఇన్నేండ్లు ఈడే తీస్తా ఉండారు గదా, యాడన్నా ఒకటి ఉంటాది, సూడండి."

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పక్కవాడి దగ్గర ఉంటుందిలే అని అందరూ అనుకున్నారని ఆ చూపుల్లోనే తెలిసిపోయింది. ముసలివాళ్ల ముఖాల మీద ముడతల కోసం ఏర్పేడు దాటి పల్లెలన్నీ తిరిగినవాళ్లు, వారంవారం కాఫీ అందించిన మనిషిని ఒక్కసారి కూడా నిలబెట్టి తీయలేదు.

మధ్యాహ్నానికల్లా అందరూ ఇళ్లకు పోయి నెగటివుల డబ్బాలు మోసుకొచ్చారు. నాకు కళ్లు చురుకని నాయన కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. నెగటివులో నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది, ఎవరిని చూసినా తల నెరిసిన దయ్యంలా ఉంటారు. అందులో మనిషిని పోల్చుకోవడం అలవాటైతే కాని రాదు. తాత దొరుకుతూనే ఉన్నాడు. ఒకచోట గ్లాసు పట్టుకున్న చెయ్యి, ఒకచోట గుంపు వెనక సగం భుజం, ఇంకొకచోట వంగి ఊడుస్తున్న వీపు. అప్పటిదాకా చూసినవాటిలో ఆయన లేని డబ్బా లేదు, ఆయన ముఖం ఉన్న డబ్బా కూడా లేదు. డబ్బాలు ఒక్కొక్కటే అడుక్కు వస్తున్నాయి. ఆమె గడప దగ్గరే కూర్చుని ఎదురుచూస్తోంది.

మా నాయన డబ్బాలో జాతర నెగటివు నా చేతికి వచ్చింది. మా నడవలో ఉన్న పిల్లవాడే, సుద్ద పూసిన ఒళ్లు ఇక్కడ నల్లగా నిగనిగలాడుతోంది. కాని వాడి పక్కన, మా ఇంటి ఫోటోలో లేని మనిషి ఒకాయన ఉన్నాడు. భుజం మీద తువ్వాలు, నడుముకు తాళాలగుత్తి, మోకాళ్ల మీద చేతులు, పిల్లవాడి వైపు వంగి నోరారా నవ్వుతున్నాడు. తీసుకుపోయి నాయనకు ఇచ్చాను. నాయన దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. తరవాత డ్రాయింగ్ మాస్టారితో నెమ్మదిగా అన్నాడు.

"ఈయన్ను నేనే కోసేసినానప్పా."

మర్నాడు నాయన ఆఫీసుకు సెలవు పెట్టి ఆ నెగటివును మొత్తంగా అచ్చు తీశాడు. తొట్టిలో కాగితం మీద తాత ముఖం మెల్లగా తేలుతుంటే నాకు ఏడుపొచ్చింది. నాయనకూ వచ్చింది, దాచుకోలేదు.

ఆ ఫోటో తీసుకుని ఇద్దరం వాళ్లింటికి పోయాం. నాయన మాస్టారి అట్టముక్కలు వెంట తెచ్చాడు. వాటిని పెట్టి పిల్లవాడిని మూసేసి, తాత ఒక్కడే కనిపించేటట్టు జరిపి, దీన్ని పెద్దది చేసి పటం కట్టించి ఇస్తానని చెప్పాడు. ఆమె చాలాసేపు చూసింది. చివరికి చేత్తో అట్టముక్కను పక్కకు నెట్టింది.

"ఆ బిడ్డను తియ్యబాకండి సామీ. వాడిని సూసే గదా ఈయన నవ్వతా ఉండాడు. వాడు లేకుంటే ఊరికే పండ్లు బయట పెట్టుకున్నట్టు ఉంటాది."

నాయన ఇబ్బంది పడ్డాడు. పోయినవాళ్ల పటానికి దండ వేస్తారు, బొట్టు పెడతారు. బతికున్న బిడ్డ, అందులోనూ ఎవరి బిడ్డో, వాడు ఉన్న పటానికి దండ వేస్తే ఆ బిడ్డకు మంచిది కాదని నచ్చజెప్పాడు. ఆమె పిల్లవాడి వంక చూసింది, భర్త వంక చూసింది.

"అయితే దండ ఎయ్యనులే" అన్నది.

నాయన ఇద్దరూ ఉన్న ఫోటోకే పటం కట్టించి ఇచ్చాడు. దినాలనాడు చుట్టాలు ఊరుకోలేదు. మొగుడి పటానికి మూర పూలైనా వెయ్యలేవా అని దెప్పారు. ఆమె పూలు కింద పీట మీద పెట్టి పటాన్ని మాత్రం ఉత్తదిగానే ఉంచింది. తరవాత మనవరాలు పుట్టింది. ఆ పిల్లకు తాతను చూపించేటప్పుడు పక్కనున్న పిల్లవాడిని కూడా చూపించేదట. వాడెవరో ఎప్పటికీ తెలియలేదు.

డ్రాయింగ్ మాస్టారు అట్టముక్కలను పారేయలేదు, సంఘంలో ఫోటోలు కోయడమూ ఆగలేదు. కాకపోతే కోసే ముందు ఈ మనిషెవరని అడగడం మొదలైంది. మా నడవలో బహుమతి ఫోటో అలాగే ఉండిపోయింది. వచ్చినవాళ్లకు చూపించడం మాత్రం నాయన మానేశాడు.

పోయిన ఏడాది మా ఆయన కాలం చేశారు. పిల్లలు ఫోన్లన్నీ వెతికి ఆయన బాగా నవ్వుతున్న ఫోటో ఒకటి తీశారు. అందులో ఒక పక్కగా, పళ్లెం అందిస్తున్న నా చెయ్యి మోచేతి దాకా పడింది. స్టూడియో అబ్బాయి కంప్యూటర్లో ఆ చెయ్యి తుడిచేసి, ఆయనకు కోటు తొడిగి, వెనక నీలం రంగు వేస్తానన్నాడు. నా చెయ్యి ఉండనివ్వమన్నాను. నువ్వుండగా నీ చెయ్యి ఉన్న పటానికి దండ ఎట్లా వేస్తామమ్మా అని నా కూతురు కళ్లనీళ్లు పెట్టుకుంది. వేయవద్దని చెప్పాను.

ఆయన అంతగా నవ్వింది పళ్లెం ఇస్తూ నేనేదో అన్నందుకే. ఏమన్నానో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. ఎప్పటికైనా గుర్తొస్తుందేమోనని పొద్దున్నే ఆ పటం ముందు కాసేపు నిలబడుతుంటాను.