గుంట గట్టు మీద కెమెరా పరీక్ష

తోటపల్లి గూడూరు టీ కొట్టు దగ్గర సాయంత్రమైతే మా ఫోన్ల పంచాయతీ మొదలవుతుంది. ఫోను అరచేతిలో ఇమడాలని ఒకడు, పలకంత ఉండాలని ఇంకొకడు. ఇంకా బజారుకే రాని ఫోనుకు వంకలు పెట్టేవాడు మా రొయ్యల రైతు మిత్రుడు. ఆ రోజు అతను ఫోనులో కంపెనీ సాఫ్ట్‌వేర్ పీకేసి, ఎవరో తయారుచేసిన కొత్తది ఎక్కించుకొచ్చాడు.

"కాల్స్ రావడంలా గానీ, తక్కిందంతా సూపరన్నా!"

రొయ్యల గుంట దగ్గర కరెంటు పోతే నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయి. వెంటనే అక్కడి మోటార్ల స్టార్టర్ పెట్టె, అందులోని సిమ్ నుంచి, అతని ఫోనుకే కాల్ చేస్తుంది. ఆ సంగతి ఇంతమంది మేధావుల్లో ఒక్కరికీ తట్టలేదు.

వెలుతురుండగానే కెమెరా పరీక్షిద్దామని అందరం అతని గుంటకే వెళ్లాం. ఏరియేటర్లు ఆగిపోయి ఉన్నాయి. గట్టు పొడుగునా రొయ్యలు చచ్చి తేలుతున్నాయి. అతను కూలబడ్డాడు. కాసేపటికి ఫోను తీసి ఒక చచ్చిన రొయ్యను ఫోటో కొట్టి, వేళ్లతో పెద్దది చేసి చూపించాడు.

"చూడన్నా, మీసాలు కూడా ఎంత క్లియర్‌గా పడినాయో!"

చిన్న ఫోను మనిషి వంగి చూసి పెదవి విరిచాడు.

"రంగు ఎక్కువ కొడతా ఉండాది. నా దాంట్లో అయితే చచ్చిన రొయ్య చచ్చినట్టే పడతాది."