నలభై ఒక్క సంతకాలు

బ్రెండన్ ఫాదర్ ఐర్లాండ్‌లో పుట్టాడంటే మీర్‌పేట్‌లో కొత్తవాళ్లు నమ్మరు. ఇరవై ఆరేళ్లప్పుడు నల్లగొండ పల్లెలకొచ్చి బడి పెట్టాడు, అక్కడి మాటే నేర్చాడు. ఊళ్లోవాళ్లు పనుల కోసం ఎల్బీనగర్ వైపు తరలివస్తే, ట్రంకుపెట్టె పట్టుకుని ఆయనా వెనకే వచ్చాడు. ఇప్పుడు డెబ్బై నాలుగు. పట్టు మాత్రం ఒక్కటే: తన దగ్గర చదివే ఆడవాళ్లెవరూ ఎక్కడా వేలిముద్ర వేయకూడదు. అందుకే కమ్యూనిటీ హాల్లో నడిపే సాయంత్రం బడికి ఎవరొచ్చినా ముందు పేరు రాయడం నేర్పేవాడు. చదవడం తర్వాత. బ్యాంకులో సంతకం పెట్టొచ్చిన రోజు వాళ్ల నడకే మారిపోయేది.

మొన్న మంగళవారం బడి మొదలయ్యే వేళకు, హాలుకు తాళం వేస్తానంటూ ఒక మున్సిపల్ ఆఫీసరు దిగాడు.

"ఎందుకు సారూ? ఎవరికేం కష్టమొచ్చింది?" అన్నాడు ఫాదర్.

ఆఫీసరు ఒక కాగితం చేతిలో పెట్టాడు. 'ఈ బడి మాకు వద్దు. హాలు ఫంక్షన్లకు కిరాయికి ఇవ్వండి.' కింద నలభై ఒక్క సంతకాలు. ఫాదర్ ఒక్కొక్కటే చూశాడు. అన్నీ తను చెయ్యి పట్టి దిద్దించిన అక్షరాలే! అందరికంటే పైన, ఇటుకలు మోసే అండాలమ్మ పేరు.

"నేనేం తప్పు చేసిననమ్మా? వద్దంటే నాతోనే చెప్పొద్దా?" బడికొచ్చి నిలబడ్డ అండాలమ్మను అడిగాడు.

"అయ్యో దేవుడా!" అండాలమ్మ నెత్తి కొట్టుకుంది. "నల్లా నీళ్ల కోసమని చక్రపాణి సారు చెప్పిండు ఫాదర్! సంతకమొస్తదా అన్నడు. రాకేంది, అని ముందుగాల నేనే చేసిన!"

కాలనీ అసోసియేషన్ సెక్రటరీ చక్రపాణి అక్కడే ఉన్నాడు. ఏమీ ఎరగనట్టు ఫోన్ చూసుకుంటున్నాడు, ఎంత గుండెలు తీసిన బంటో!

ఫాదర్ మెట్ల మీద కూలబడ్డాడు. చక్రపాణి మీద కాదు, తన మీదే ఆయనకు అసహ్యం వేసింది. నలభై ఎనిమిదేళ్లు పరువు, పరువు అని పేరు రాయించాడే గానీ, ఆ పేరు దేని కింద పెడుతున్నారో చదువుకునే దారి ముందు చూపించలేదు. వేలిముద్ర అయితే కనీసం భయపడుతూ వేసేవాళ్లు.

"తప్పు నాదే," అన్నాడు.

"నీదేంది? సారూ, జర గా పెన్నియ్యి." అండాలమ్మ ఆఫీసరు జేబులోంచి పెన్ను లాక్కుని తన పేరు అడ్డంగా కొట్టేసింది.

"అమ్మా, ఆఫీసు కాగితం!"

"పేరు నాది. రాసింది నేను."

వెనకున్న ఆడవాళ్లూ ఒక్కొక్కరే వంగి తమ పేర్లు కొట్టేశారు. పేర్లు లేని అర్జీతో ఏం చేయాలో తోచక ఆఫీసరు తాళం సంచిలో వేసుకున్నాడు. అండాలమ్మ కాగితం ఇవ్వలేదు. ఫాదర్ పక్కన కూర్చుని, మొదటి అక్షరం మీద వేలు పెట్టింది.

"గిదేంది ఫాదర్?"

"ఈ," అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ.