ఒంటిచేతి పుస్తకాలు

సూదక్కకు కోపం వస్తే నోరు మూతపడుతుంది, వేళ్లు పని వెతుక్కుంటాయి. దుప్పట్లు మడతపెడతాయి. అవి ముందే మడతపెట్టి ఉంటే విప్పి మళ్లీ మడతపెడతాయి. ఆ సోమవారం ఉదయం తొమ్మిది గంటలకే డయాలసిస్ వార్డులో ఆమె వేళ్లకు మిగిలిన దుప్పటి ఒక్కటీ లేదు.

ట్రాలీ మీద ఆమె పుస్తకాలు లేవు. వాటి చోట పన్నెండు కొత్త పుస్తకాలు నిలబడి ఉన్నాయి. అన్నింటి అట్టల మీదా సూర్యోదయమో, కొండ ఎక్కుతున్న మనిషో. లోపల మొదటి పేజీలో ఆసుపత్రి సేవా కమిటీ ముద్ర, అధ్యక్షురాలి సంతకం. పక్కన ఒక కాగితం: ఇకపై రోగులకు ఈ జాబితాలోని స్ఫూర్తిదాయక గ్రంథాలు మాత్రమే ఇవ్వవలెను.

అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆమె అసలు పేరు జీతం రిజిస్టరులో తప్ప ఎక్కడా లేదు. ఎప్పుడూ యూనిఫాం కాలరులో బైండింగు సూది ఒకటి గుచ్చుకుని ఉంటుంది కాబట్టి సూదక్క. ఈ పేరుతో వార్డులో ఒక తంటా ఉంది. కొత్తగా చేరిన పేషెంటుతో నర్సు "ఉండండి, సూదక్క వస్తుంది" అంటే, పాపం, ఆ మనిషి చేయి వెనక్కి లాక్కుంటాడు. వచ్చిన సూదక్క పుస్తకం చేతిలో పెడితే అప్పుడు ఊపిరి వదులుతాడు.

పదమూడో ఏటి నుంచి ఆమె తండ్రి పక్కన కూర్చుని బైండింగు పని చేసింది. అచ్చయిన పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలవుతాయి. దాన్ని ఫారం అంటారు. ఫారాలను వరసగా పేర్చి కుడితే పుస్తకం. చేతికి ఏ ఫారం వస్తే అది చదివేది. అందుకే ఆమె చదివిన మొదటి నవల మధ్యలో మొదలై మొదట్లో ముగిసింది. చంపినవాడు సోమవారం దొరికాడు, చచ్చినవాడెవడో శనివారానికి గానీ తెలియలేదు. కథకు తలా తోకా ఉంటాయన్న సంగతి ఆమెకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక కూడా పెద్దగా నమ్మలేదు. తర్వాత యంత్రాలు వచ్చాయి, షాపు మూతపడింది, తండ్రి చేతి కింది పిల్ల ఆసుపత్రిలో అటెండరు అయింది. అది పంతొమ్మిదేళ్ల నాటి మాట.

వార్డులో ఎనిమిది మంచాలు. ఒక్కొక్కరు వారానికి మూడుసార్లు వస్తారు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు పడుకుంటారు. ఒక చేతికి రెండు సూదులు గుచ్చి రక్తాన్ని యంత్రంలోకి పంపి, కడిగి, వెనక్కి తెస్తారు. ఆ చేయి కదపకూడదు. ఇక మిగిలేది ఇంకో చేయి, కిటికీలో ఒక ముక్క ఆకాశం, గోడ మీద నడవడం ఇష్టం లేనట్టు నడిచే గడియారం.

ఒకసారి, పేషెంటుగా వచ్చే లెక్కల టీచరమ్మ ఆ ఒంటి చేత్తోనే ఎనిమిది వందల పేజీల నవల పట్టుకోబోయింది. మణికట్టు తిరగబడి పుస్తకం వెళ్లి గొట్టాల మీద పడింది, యంత్రం కీచుమంటూ మోగింది. పరుగెత్తుకొచ్చిన నర్సు టీచరమ్మను కసిరింది. సూదక్కకు పుస్తకం మీద కోపం వచ్చింది. ఇంటికి తీసుకుపోయి, వెన్ను విప్పి, దారాలు తెంపి, మూడు భాగాలుగా కుట్టి, ఒక్కోదానికి గుడ్డ అంటించి తెచ్చింది. ఒక్కోటీ పావురమంత బరువు. బొటనవేలు, చిటికెన వేలు మధ్య పట్టేస్తుంది. ఫారం ఎక్కడ అయిపోతే భాగం అక్కడే అయిపోతుంది. వాక్యం మధ్యలో ఆగినా సరే, ఫారాన్ని కోయదు.

అలా మొదలై, వెళ్లిపోయినవాళ్లు వదిలేసినవీ, ఇంట్లో వద్దనుకుని ఇచ్చినవీ కలిసి నూట నలభై పుస్తకాలయ్యాయి. అన్నీ ఒంటిచేతి పుస్తకాలే.

ఎవరికి ఏ పుస్తకం ఇవ్వాలో ఆమె లెక్క ఆమెది. మీకేం ఇష్టమని ఎవరినీ అడగదు. అడిగితే జనం తమకు ఇష్టమై ఉండాల్సినవి చెబుతారు. "ఏ పుస్తకం సగంలో వదిలేశారు?" అని అడుగుతుంది. టైలరు ఒకాయన, ప్రతి పేజీలో ఏడ్చే అమ్మాయి ఉందని ఒక నవల వదిలేశానన్నాడు. ఆయనకు ఒక దొంగ రాసుకున్న సొంతకథ ఇచ్చింది. ఆ దొంగ ఎక్కడా ఏడవడు, పైగా ఏ ఇంటి తాళం ఎంత చవకబారుదో చెప్పి ఇంటివాళ్లను తిడతాడు. డయాలసిస్ యంత్రం ఆపేదాకా టైలరు నవ్వాడు. టీచరమ్మకు ఒక మంత్రసాని జ్ఞాపకాలు ఇస్తే, నలభయ్యో పేజీలో పదకొండు మందన్న పిల్లలు నూరో పేజీకి పదిహేను మందయ్యారని పట్టుకుంది. "అబద్ధాలకోరు" అని తిట్టుకుంటూ రెండుసార్లు చదివింది. ఒక కట్టుకథ, తర్వాత ఒక సొంతకథ, మళ్లీ కట్టుకథ. సూదక్క వరస అది. కట్టుకథలో మనుషులు నిజం చెప్పేస్తారు, సొంతకథలో దాచుకుంటారు, రెండూ తెలిసినవాడు మోసపోడని ఆమె నమ్మకం.

ఇక కండక్టరు బాబాయి. ముప్పై ఏళ్లు బస్సులో నిలబడి, రిటైరయ్యాక ఆరో నంబరు మంచం మీద పడుకున్న మనిషి. డాక్టరు ఆయనకు రోజుకు మూడు గ్లాసుల నీళ్లే రాశాడు. ఆయనేమో వచ్చి, నీళ్లు ఎక్కువగా ఉన్న పుస్తకం కావాలన్నాడు. ఇంకొకరైతే అయ్యో పాపం అని మాట మార్చేవాళ్లు. సూదక్క నది మీద పడవ నడిపే కుటుంబం నవల తెచ్చి పెట్టింది. మూడు భాగాలు. ప్రతి పేజీలోనూ తడి. ఆయన ఆ పుస్తకాన్ని చదవలేదు, తాగాడు.

శుక్రవారం మధ్యాహ్నం రెండో భాగం అయిపోయింది. తుఫానులో పడవ తాడు తెగింది, పడవలో పన్నెండేళ్ల పిల్ల ఒక్కతే ఉంది. ఆఖరి పేజీలో ఆఖరి మాటలు: "పడవ మలుపు తిరిగేసరికి ఆ పిల్ల". అంతే. సోమవారం మూడో భాగం ఇస్తానంది సూదక్క.

శనివారం సేవా కమిటీ వచ్చింది. ఆ రోజు సూదక్కకు సెలవు. అధ్యక్షురాలు ట్రాలీ మీద ఒక పుస్తకం తీసి చూస్తే అది రెండు వందల డెబ్బై మూడో పేజీలో, వాక్యం మధ్యలో మొదలైంది. ఇంకోటి తీస్తే అందులో ఒక ముసలాయన చచ్చిపోతున్నాడు. ఇంత జబ్బు మనుషులకు చావుల పుస్తకాలా, దొంగల కథలా అని ఆమె నొచ్చుకుందట. మంచి పుస్తకాలను ఎవరో చింపి పోగులు పెట్టారని మండిపడిందట. నూట నలభై పుస్తకాలూ స్టోరు గదిలోకి పోయాయి, తాళం పడింది. ఇదంతా నర్సు చెప్పింది, సూదక్క కళ్లలోకి చూడకుండా.

తొమ్మిదింపావుకు కండక్టరు బాబాయి వచ్చాడు. రెండు రోజుల ఎడం తర్వాత వచ్చే రోజు సోమవారం. ఒళ్లంతా నీరు పట్టి ఉంటుంది. చెప్పులు పాదాల్లోకి దిగబడి ఉన్నాయి. నాలుగడుగులకు ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. ట్రాలీ చూశాడు. సంగతి విన్నాడు. మంచం పక్కన ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

"మూడో భాగం వచ్చేదాకా నేను మంచం ఎక్కను."

నర్సు బతిమాలింది. టెక్నీషియను బెదిరించాడు. పిన్ని, అంటే బాబాయి భార్య, గోడకు ఆనుకుని ఏడుపు ఆపుకుంది.

"టికెట్ కొట్టి మనిషిని సగం దారిలో దింపేస్తారా ఎక్కడైనా? ముప్పై ఏళ్లలో ఒక్కణ్ణీ అలా దింపలేదు నేను" అన్నాడాయన. "వాళ్లను వచ్చి చెప్పమను, ఆ పిల్ల ఏమైందో."

సూదక్క కథ నోటితో చెబుతానంది. వద్దన్నాడు. చెబితే అది సూదక్క కథ అవుతుంది, పుస్తకం కాదట. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా.

సూపరింటెండెంటు గదిలో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. ఆయన చెడ్డవాడు కాదు. గొడవంటే భయం, అంతే. అలాంటివాళ్ల బల్ల మీద ఎప్పుడూ ఒక కాగితం సిద్ధంగా ఉంటుంది. దాన్ని ఆమె వైపు జరిపాడు. నేను ఆసుపత్రి పుస్తకాలను చింపి పాడుచేశాను, ఇది నా తప్పు, ఇకముందు చేయను. కింద సంతకానికి చోటు. సంతకం పెడితే స్టోరు నుంచి ఆ ఒక్క పుస్తకం ఇప్పిస్తాడు. మిగతావాటి సంగతి కమిటీ చూసుకుంటుంది.

"చింపలేదు సార్. విప్పి కుట్టాను."

"ఒక్క మాటే కదమ్మా."

"ఒక్క మాటే కదా, మీరే మార్చండి."

రిపోర్టులో ఆ మాటే వెళ్లిపోయిందన్నాడాయన. అధ్యక్షురాలు మేడమ్ స్వయంగా రాశారు, ఇప్పుడు మారిస్తే మేడమ్ అబద్ధం చెప్పినట్టవుతుంది.

సూదక్క కమిటీ వాళ్ల పుస్తకం ఒకటి వెంట తెచ్చింది. ఇటుకలా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, ఎడమ చేత్తో ఒక్క పది నిమిషాలు పట్టుకుని చదవమంది, కుడి చేయి కదపకుండా. ఆయన పుస్తకాన్ని చూసి, ఆమెను చూసి, చిన్నగా నవ్వాడు.

"నేను పేషెంటును కాదు కదమ్మా."

ఆ మాటకు ఆమె ఒళ్లు భగ్గుమంది. తన తండ్రి, పుస్తకంలో ఏ కాగితమైనా చిరిగితే పల్చటి కాగితం అతికించి, ఆరేదాకా దాని పక్కనే కూర్చునేవాడు. ఆయన కూతురు చింపిందట. దొంగను దొంగ అనొచ్చు. కుట్టేదాన్ని చింపేదనడం ఏ నోటికైనా ఎలా వస్తుంది? కావాలంటే ఉద్యోగం తీసుకోమని చెబుదామని నోరు తెరిచింది.

తలుపు దగ్గర పిన్ని నిలబడి ఉంది. లోపలికి రాలేదు. "ఆయనకు ఊపిరి ఆడట్లేదమ్మా. కుర్చీలోనే ఒరిగిపోతున్నారు. అయినా ఎక్కనంటున్నారు" అంది.

సూదక్క సంతకం పెట్టింది. కాగితం చిరిగేంత గట్టిగా పెట్టింది.

స్టోరులో పుస్తకాలు దుప్పటి మూటల మధ్య కుప్పగా పడి ఉన్నాయి. వెన్నులు ఒకదాని మీద ఒకటి విరుగుతున్నాయి. వాటిని సర్దడానికి వంగి, టైము లేదని లేచింది. మూడో భాగం తీసుకుని వార్డుకు వచ్చి ఆయన ఒళ్లో పడేసింది.

"ఎక్కండి."

ఆయన ఎక్కాడు. టెక్నీషియను గబగబా సూదులు గుచ్చాడు. గొట్టాల్లో ఎరుపు పాకింది. అరగంటకు ఆయన ఊపిరి మామూలు దారిన పడ్డాక గానీ సూదక్క నోరు తెరవలేదు. తెరిచాక ఆపలేదు.

"పుస్తకం కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా? పిన్ని ముఖం చూశారా అసలు? పుస్తకం విడిపోతే నేను కుడతాను బాబాయ్. మిమ్మల్ని కుట్టే దారం నా దగ్గర లేదు."

ఆయన పట్టించుకోలేదు. "సంతకం పెట్టావా?"

"పెట్టాను."

"చింపానని?"

"చింపానని."

ఆయన ముఖం ఎర్రబడింది. "నేను వాళ్ల మీద పట్టుపట్టింది నీచేత అబద్ధం రాయించడానికా? నాకొద్దు ఈ పుస్తకం" అని ఒంటి చేత్తో పక్కకు నెట్టాడు.

"మర్యాదగా చదవండి" అంది సూదక్క. అరవలేదు, కానీ ఎనిమిది మంచాలూ విన్నాయి. "ఆ కాగితం మీద నా పేరు పెట్టి కొన్నాను దాన్ని. చదవకపోతే ఊరుకోను."

ఆయన తెరిచాడు. మొదటి మాట చదివి ఆగాడు.

"తిట్టిందట."

"ఏంటి?"

"పడవ మలుపు తిరిగేసరికి ఆ పిల్ల... తిట్టిందట. తెగిన తాడును, గాలిని, వాళ్ల నాన్నను, అందరినీ నిలబెట్టి తిట్టిందట." బాబాయి మీసం కదిలింది. "రెండు రోజుల్నుంచి నేనేమో పిల్ల ఏడుస్తోందనుకుంటున్నాను."

తర్వాత ఆయన నీళ్లలోకి దిగిపోయాడు. సూదక్క ట్రాలీ దగ్గర నిలబడి కమిటీ పుస్తకాలు ఒక్కొక్కటే తెరిచింది. తప్పులు వెతకడానికే తెరిచింది, ఆ సంగతి దాచుకోలేదు కూడా. జబ్బు నాకు గురువు, నొప్పి నాకు వరం. నాలుగు పేజీలు చదవడం, టప్పున మూయడం. పదకొండు అలాగే మూసింది. పన్నెండోది రాళ్లు చెక్కే ఒకావిడ సొంతకథ. ఆవిడ కాలు పోగొట్టుకుంది. అట్ట మీద సూర్యోదయం. లోపల మొదటి వాక్యం, తనకు జబ్బు ఏమీ నేర్పలేదని, పరామర్శకు వచ్చినవాళ్లు మాత్రం చాలా నేర్పారని. సూదక్క నిలబడే ముప్పై పేజీలు చదివింది. ఆవిడ చుట్టాలను, డాక్టర్లను, ఉలిని, తనను తానే ఏకిపారేసింది. కమిటీలో ఎవరూ దీన్ని తెరిచి చూడలేదని ఖాయం.

ఒంటిగంట దాటింది. బాబాయి మూడో భాగం గుండెల మీద బోర్లా పెట్టుకుని, ముగింపులో రచయిత తొందరపడ్డాడని సణిగి, దీని తర్వాత ఏమిటని అడిగాడు.

"సొంతకథ. రాళ్లు చెక్కే ఆవిడది. మీకంటే నోరు పెద్దది."

"ఇటివ్వు." అందుకోబోయి, బరువుకు మణికట్టు వాలిపోయి వెనక్కి ఇచ్చేశాడు.

సూదక్క పుస్తకం వెన్ను వేలితో తడిమింది. జిగురు కాదు, కుట్టే. మంచి కుట్టు. ట్రాలీ మీద మిగతా పదకొండింటినీ పక్కకు తోసి, దీన్ని బోర్లా పరిచి, కాలరులోంచి సూది తీసింది.

నర్సు పరుగున వచ్చింది. "అక్కా, ఇకముందు చేయనని పొద్దున్నే రాసిచ్చావు. పైగా ఈ పుస్తకం మీద మేడమ్ సంతకం ఉంది."

"చింపానని కూడా రాసిచ్చాను. అదెంత నిజమో ఇదీ అంతే." సూది మొన దారం కిందికి దూరింది. "వెళ్లి చెప్పు. తలుపులు తీసే ఉన్నాయి, వచ్చి చూసుకోమను."

దారం తెగింది. అంత చిన్న చప్పుడుకు ఎనిమిది తలలు ఇటు తిరిగాయి.

"చూసి తెంపు తల్లీ" అన్నాడు బాబాయి, "వాక్యం మధ్యలో వద్దు."

"ఫారం ఎక్కడ అయిపోతే అక్కడే" అంది సూదక్క రెండో దారం వెతుకుతూ. "మీరు నోరు మూసుకుని, ఆ చేయి కదపకుండా పడుకోండి."