థోర్‌గున్న ముక్కు

మా సోగ్న్ తీరంలో థోర్‌గున్న ముక్కుకు తిరుగులేదు. కడుపులో ఈటె దిగినవాడికి ఆమె ఉల్లిగడ్డలు దంచి కాచిన చారు పట్టించేది. కాసేపాగి గాయం మీదికి వంగి వాసన చూసేది. ఉల్లి వాసన వచ్చిందంటే పేగు తెగినట్టే. ఇక వాడికి కట్టు కట్టడం గుడ్డ దండగ. ఆమె మాట ఏనాడూ తప్పలేదు. మాకు పొరుగునే ఉండేది కాబట్టి ఇదంతా చూస్తూనే పెరిగాం, నేనూ, ఆమె కొడుకు ఎయివింద్.

ఆ ఏడు సింహాసనం కోసం రాజు కొడుకులు, అన్నదమ్ములిద్దరు తలపడ్డారు. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరుగుతాయంటారు. మా దగ్గర తలలే తెగిపడ్డాయి. ఎయివింద్ తమ్ముడి పక్షాన పోరాడి, పొట్టలో పోటుతో అన్న సేనకు దొరికిపోయాడు. గాయపడ్డ బందీలను తెచ్చి థోర్‌గున్న కొట్టంలోనే పడేశారు. అన్న సేన దళపతి హల్కెల్ వెంట ఉన్నాడని ఎయివింద్ "అమ్మా" అనలేదు, ఆమె మీదికి వస్తుందని.

అందరికీ చారు పట్టించాక, మొదటి బందీ గాయం వాసన చూసి ఆమె "వాసన లేదయ్యా, బతుకుతాడు" అంది. హల్కెల్ వాణ్ణి జుట్టు పట్టి బయటికీడ్చి, కట్టెలు కొట్టే మొద్దు మీద తల నరికేశాడు. రెండు వేట్లు పట్టింది. వెనకే పరుగెత్తిన ఆమె ముఖాన రక్తం చిందింది.

"అదేంటయ్యా?"

"బతికితే మళ్లీ మా రాజు మీదికే వస్తాడే ముసలీ. చచ్చేవాళ్లయితే వాళ్లే చస్తారు, నా గొడ్డలి అరగదు. పద, రెండోవాణ్ణి చూడు."

రెండోవాడు ఎయివింద్. ఆమె వంగి వాసన చూసింది. రక్తం, చెమట, ఉల్లి జాడే లేదు. ఆ క్షణాన ఆమెకు ప్రాణం లేచొచ్చింది. హల్కెల్ ఆమె భుజం పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఉల్లి కంపయ్యా," అంది. "వీడు దక్కడు."

"ఏరా, ముసలమ్మ చారు ఒంటికి పట్టలేదా?" అని నవ్వి, హల్కెల్ ఆమెను ముందుకు తోశాడు. కొడుకు కళ్లలోకి చూస్తే ఏడుపు ఆగదని ఆమె తల తిప్పుకుంది.

హల్కెల్ సేన పడవలు కదలగానే ఆమె కొట్టంలోకి పరుగెత్తింది. వెనకే నేనూ వెళ్లాను. పేగు తెగినవాడు ఎలా కుళ్లి కుళ్లి చస్తాడో ఆ ఇంట్లో పుట్టినవాడికి వేరే చెప్పాలా? బూటులో దాచుకున్న చిన్న కత్తితో ఎయివింద్ గొంతు కోసుకున్నాడు. కింద పరిచిన గడ్డి అంతా రక్తంతో తడిసిపోయింది. పొట్ట మీది గాయం మాత్రం శుభ్రంగా ఉంది.

ఆమె వాడి తల ఒళ్లో పెట్టుకుంది. తర్వాత నన్నడిగింది.

"లోకంలో ఏ కొడుకైనా తల్లి మాట వింటాడట్రా? వీడెందుకు విన్నాడు?"