ఎనిమిదో కర్ర

ఈ సంగతి జరిగి మూడేళ్ళు దాటింది. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం పెద్దదేం కాదు, నాకు రాయడం రాదు. అక్షరాలు మొదలుపెట్టేసరికి నాకు యాభై ఆరేళ్ళు. కూడబలుక్కుని చదవడానికే ఏడాదిన్నర పట్టింది. సొంతంగా నాలుగు వాక్యాలు రాసి, మళ్ళీ చదువుకుంటే నాకే అర్థమయ్యేలా రాయడం ఈమధ్యనే వచ్చింది.

దెయ్యాలూ జిన్నులూ నేను నమ్మను. మా అమ్మ నమ్మేది. నా చిన్నప్పుడు జబ్బు చేస్తే ముందు తాయెత్తు, తర్వాతే డాక్టరు. నేను అలా కాదు. పెళ్ళయిన కొత్తలో మిట్టమధ్యాహ్నం ఒక్కదాన్నే సమాధుల పక్క గట్టు మీదుగా మా ఆయనకి క్యారేజీ పట్టుకెళ్ళేదాన్ని. ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు. ఇప్పటికీ నమ్మను. అయినా ఇది మాత్రం మా ఇంట్లో జరిగింది.

మాది తాడేపల్లిగూడేనికి దగ్గర పల్లె. మేము దూదేకులవాళ్ళం. మా ఆయన వడ్రంగి. గూడెంలో ఒక ఫర్నిచర్ కొట్లో ముప్ఫై ఏళ్ళు చేశారు. మా ఒక్కగానొక్క కొడుకు బాజీ. పదో తరగతి అయ్యాక తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు.

మా పెరట్లో పాత గేదెల సావిడి ఉంది. గేదెలు పోయాక అందులో ఊక బస్తాలు, విరిగిన మంచాలు పడేసేవాళ్ళం. దాన్ని బాగుచేసి ఇంటి దగ్గరే పని పెట్టాలని బాజీ కోరిక. "నాన్న ఇంకెన్నాళ్ళు ఒకరి కింద చేస్తారమ్మా" అనేవాడు. సావిడి అలా ఉండగానే అందులోకి పనిబల్ల మొదలుపెట్టాడు. "పెళ్ళి కాకుండానే ఉయ్యాల చేస్తున్నాడు చూడు నీ కొడుకు" అని మా ఆయన వేళాకోళం చేసేవారు.

వడ్రంగం తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. బల్లకి నాలుగు కాళ్ళు, వాటిని కలపడానికి నాలుగు అడ్డకర్రలు. అడ్డకర్ర కొస కాలికి తొలిచిన బెజ్జంలో దిగాలి. ఏ కొసని ఏ బెజ్జానికి చెక్కారో అందులోనే బిగుస్తుంది. ఇంకోదాంట్లో పెడితే అయితే వదులు, లేకపోతే పట్టదు. అందుకని గుర్తులు పెట్టుకుంటారు. మా ఆయనకి చదువు లేదు, ఉలితో గీట్లు పెడతారు. బాజీ పెన్సిలుతో అక్షరాలు రాసేవాడు. బెజ్జం పక్కన అ, అందులో దిగే కొస మీద అ.

"గీటు చాలదంట్రా? బడి పెట్టావా ఇక్కడ?" అనేవారాయన.

"అమ్మకి కూడా వస్తాయని నాన్నా" అనేవాడు. నన్ను కర్రలు అందించమనేవాడు. "ఉ ఇయ్యమ్మా" అంటే చేతికందింది ఇచ్చేదాన్ని. "అది ఈ. నేను అడిగింది ఉ." "ఏదైతే ఏంటిరా, పొయ్యి మీద పప్పు మాడిపోతోంది" అని లేచిపోయేదాన్ని.

నాలుగు కాళ్ళు, మూడు అడ్డకర్రలు అయ్యాయి. వేపకర్ర అక్కడికి సరి. ఆకివీడులో తెలిసినవాళ్ళు వేపచెట్టు కొట్టించారంటే, నాలుగోదానికని ఒక ఆదివారం బండేసుకుని వెళ్ళాడు. తిరిగొస్తుంటే, చేపల లారీల నీళ్ళు కారి రోడ్డు జారుడుగా ఉన్నచోట బండి పడింది. వెనక ఇంకో లారీ వస్తోంది. దీని గురించి ఇంతకంటే రాయలేను. వాడికి ఇరవై నాలుగేళ్ళు.

బండి ఇంటికి తెచ్చారు. చెప్పులు తెచ్చారు. బండికి కట్టిన కర్ర సంగతి ఎవరూ అడగలేదు. నాకూ గుర్తు రాలేదు.

ఆ తర్వాత మా ఆయన పనిముట్టు ముట్టలేదు. ఉలులు, బాడిస, చిత్రిక అన్నీ గోనెసంచీలో వేసి మంచం కిందకి నెట్టేశారు. పొద్దున్నే టీ కొట్టుకి వెళ్ళి రెండు గంటలకి వచ్చేవారు. వచ్చి వసారాలో కూర్చునేవారు. ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకునే ఉండే చేతులు అలా మోకాళ్ళ మీద ఖాళీగా పడి ఉండేవి. కొడుకు పోయాడు, ఈయన కూడా నా కళ్ళ ముందే పోతున్నారనిపించేది.

ఒకరోజు సావిట్లోకి వెళ్ళి బాజీ చేసిన కర్రలు తుడుస్తుంటే పెన్సిలు రాత కనబడింది. వాడు ఏదో రాసిపెట్టాడు, నాకోసమేనేమో అనిపించింది. ఒక కాలు చంకలో పెట్టుకుని మా వీధి చివర శాంతకుమారి టీచరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మిషన్ స్కూల్లో చేసి రిటైరయ్యారు.

"ఏం రాశాడో చూడండి టీచరుగారూ."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. అంతసేపు చూడాల్సింది అందులో ఏమీ లేదని తర్వాత తెలిసింది. "ఇవి మాటలు కావు మస్తానమ్మా. ఒట్టి అక్షరాలే. ఒకటి ఊ, ఒకటి ఎ. అంతే."

"అయితే ఆ ఒట్టి అక్షరాలే చెప్పండి" అన్నాను.

"అందరూ పలక పట్టుకొస్తారు. నువ్వు బల్లకాలు పట్టుకొచ్చావు" అంటూనే ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. అలా మొదలైంది నా చదువు.

అ నుంచి ఏ దాకా రాశాడు. మధ్యలో ఋ వదిలేశాడు. "మావాడికి బద్ధకం" అంటే, "అది అందరూ వదిలేసేదేలే" అన్నారావిడ. అ నుంచి ఊ దాకా ఆరింటికీ అడ్డకర్రల మీద జతలున్నాయి. ఎ ఒక కాలి మీద, ఏ ఇంకో కాలి మీద ఉన్నాయి. ఆ రెంటికీ జత లేదు.

బాజీ పోయి రెండేళ్ళు నిండాక ఒకరోజు అన్నాను. "ఏవండీ, సావిడి బాగుచేయిద్దామండీ."

"ఎవరికోసం?"

"మీకోసమేనండీ."

ఆయన వద్దనలేదు. సరే అని కూడా అనలేదు. నేను మొదలుపెట్టేశాను.

తాపీమేస్త్రీ నాగేశ్వరరావు మా ఊరివాడే. మేత వేసే గాడి పగలగొట్టాడు. ఏళ్ళ తరబడి గేదెల ఉచ్చ ఇంకిన మట్టి జానెడు లోతు తవ్వి పారబోసి ఇసుక నింపాడు. తూర్పు గోడకి కిటికీ పెట్టాడు. పెంకులు తీసి రేకులు వేశాడు. "పిన్నిగారూ, ఇది మా ఇంటికంటే బాగుంది. బల్లెందుకు, నేనే కాపురం పెట్టేస్తా" అనేవాడు.

నేల వేసేముందు బాజీ కర్రల్ని సావిట్లోనే అటక మీదకి ఎక్కించాం. నేను అందిస్తుంటే అతను పైన పేర్చాడు. "ఏడేనా పిన్నిగారూ? బల్లకి ఎనిమిదుండాలే" అన్నాడు. "ఏడే నాయనా" అన్నాను. అందుకే ఆ లెక్క నాకు అంత గట్టిగా గుర్తుంది.

సిమెంటు వేసి, మర్నాడు చుట్టూ మట్టికట్ట కట్టి నీళ్ళు నింపాడు. అయిదు రోజులు నీళ్ళు నిలవాలన్నాడు. కుక్కలు తిరుగుతాయని తాళం వేశాను. తాళంచెవి నా బొడ్లోనే ఉంది. మధ్యలో ఒకరోజు కళ్ళు చూపించుకోవడానికి ఏలూరు వెళ్ళాను. అప్పుడూ నా దగ్గరే ఉంది. ఒంటికి నీళ్ళు పోసుకునేటప్పుడు మాత్రం గూట్లో పెట్టేదాన్ని.

అయిదోరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక కట్ట తెంపి నీళ్ళు వదిలేశాను. నిచ్చెన వేసుకుని కర్రలు దింపాను. ఎనిమిది ఉన్నాయి.

ఏడు కర్రలు రెండేళ్ళ దుమ్ముకి నల్లబడి ఉన్నాయి. ఒకటి మాత్రం పచ్చిగా, లేతరంగులో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వేప చేదు వాసన. ఒక కొస మీద ఎ, రెండో కొస మీద ఏ.

నేల మీద కూర్చుండిపోయాను. భయంతో కాదు, సంతోషంతో. ఆయనే చేశారనుకున్నాను. పొద్దున్నపూట టీ కొట్టని చెప్పి పాత కొట్టుకి వెళ్ళి చేసుంటారు. కాళ్ళ మీది అక్షరాలు చూసి బొమ్మలా దింపుంటారు. నేను స్నానంలో ఉండగా నీళ్ళల్లోంచి నడిచి వెళ్ళి పెట్టుంటారు. ఆ మాట పైకంటే సిగ్గుపడి మానేస్తారని నోరు మూసుకున్నాను. కర్రలన్నీ కనబడేలా పరిచి, తలుపు తీసి వదిలేసి, కొరమీను పులుసు పెట్టాను.

సాయంత్రం ఆయన లోపలికి వెళ్ళి చాలాసేపు ఉన్నారు. ఎర్రటి కళ్ళతో బయటికొచ్చారు. మర్నాడు మంచం కింద సంచీ లాగారు. నాలుగు రోజులు తుప్పు వదిలించడం, సానపట్టడం. ఆ చప్పుడు వింటూ నేను వంటింట్లో ఊరికే నిలబడేదాన్ని.

ఆ తర్వాత ఒక సాయంత్రం పిలిచారు. "మస్తానీ, రా. కర్రలందించు."

ఈసారి నేను తప్పివ్వలేదు. అ, ఆ, ఇ అని పైకి చదువుతూ ఇచ్చాను. ఆయన బెజ్జం దగ్గర ఆకారం సరిచూసుకుని బిగించారు. చివరిది ఎ, ఏ. మూడు దెబ్బలకే దిగింది. వెంట్రుక పట్టే సందు లేదు.

"మీ చెయ్యి ఏం మారలేదండీ" అన్నాను, ఇంక ఆపుకోలేక.

"నా చెయ్యేంటి? ఏలూరు వెళ్ళినప్పుడు చేయించుకొచ్చావు కదా."

"నేనా?"

"రాత నీదేగా. ఈ ఇంట్లో అక్షరాలొచ్చింది నీకొక్కదానికే."

అప్పుడు నాకు బుద్ధి లేకపోయింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. "నేను చేయించలేదండీ. నేను రాయలేదు."

ఆయన వంగి ఆ అడ్డకర్ర అడుగువైపు చూపించారు. నాలుగు వేళ్ళ మేర ఒరుసుకుపోయి ఉంది. "చేసినవాడు ఇక్కడ చిత్రిక పట్టి నున్న చెయ్యడం మర్చిపోయాడనుకున్నాను" అన్నారు. ఆ గరుకులో నల్లటి రేణువులు ఇరుక్కుని ఉన్నాయి, తారు రోడ్డు మీద గీసుకుంటే పట్టినట్టు. ఇద్దరం చూశాం.

పనిముట్లన్నీ మళ్ళీ సంచీలో వేసి మంచం కిందకి నెట్టేశారు. "ఆ గది ఇంక తెరవకు" అన్నారు. అన్నం తినలేదు.

తర్వాత నాకు చేతనైనంత వాకబు చేశాను. పాత కొట్లో ఆయన రెండేళ్ళుగా అడుగే పెట్టలేదన్నారు. నాగేశ్వరరావు తన పిల్లల మీద ఒట్టేసి తనకేం తెలీదన్నాడు. టీచరుగారు వచ్చి రాత చూశారు. "నీ రాత వణుకుతుంది మస్తానమ్మా. ఇది వణకలేదు" అన్నారు. ఆయన చేశారేమో అంటే అక్షరాలు రావు, నేను చేశానేమో అంటే ఉలి పట్టడం రాదు. జిన్ను పని అని నేను అనను. అల్లా పని అని చెప్పడానికి నేనెవరిని? నాకు తెలీదు, అంతే. ఇదంతా ఇంత ధైర్యంగా రాస్తున్నానంటే ఆయనకి చదువు రాదు గనక. మా దగ్గర కుర్చీయో మంచమో చేయించుకోవడానికి వచ్చేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, దయచేసి ఆయన దగ్గర ఎత్తకండి.

బల్ల బిగించిన మర్నాడు పొద్దున్న ఏం చేశానో కూడా చెప్పేస్తాను. ఆయనకి టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆడని అబద్ధం ఆడాను.

"నిన్న నేను నిజం చెప్పలేదండీ. ఏలూరులో నేనే చేయించాను. అక్షరాలు కూడా నేనే రాశాను. మీరు కోప్పడతారని కాదన్నాను."

ఆయన నా మొహంలోకి చూడలేదు. టీ గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నారు.

"ఎవరు చేశారు?"

"ఎవరో కుర్రాడండీ. పేరడగలేదు."

ఒక గుక్క తాగి అన్నారు. "మంచి పనివాడే. మళ్ళీ కనబడితే చెప్పు, బాగా బిగిసిందని."

"చెప్తానండీ" అన్నాను.

ఆయన టీ తాగడం అయ్యేలోపు వెళ్ళి సావిడి తలుపు తీశాను.